బొటనవేలిలో చీమలు

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ల్యాబులోనే గంతులేశాను. మా మేడమ్ "ఏమైందమ్మా నీకు?" అని కంగారుపడింది.

కత్తెరకు తెగిన నరాన్ని డాక్టరు కుట్టి మూడు నెలలైనా మొద్దులా పడున్న బొటనవేలు, ఇప్పుడు చీమలు పాకినట్టు జివ్వుమంటోందని, ఇక దర్జీ పని మానెయ్యాల్సిందేనని ఏడుస్తూ రాశావు. పిచ్చివాడా, అవి చీమలు కావురా, పెరుగుతున్న నరాల కొసలు! డాక్టరునీ అడిగాను, మంచి గుర్తేనన్నాడు.

రోజంతా మైక్రోస్కోపులో నేను చూసేది వీటినే. గాజు గిన్నెలో నరాల కణం కొమ్మ చాపుతుంది. నువ్వు గుడ్డ నాణ్యం చూసినట్టే, ఆ కొమ్మ కొస ముందున్నదాన్ని తడుముతుంది. నచ్చితే సాగుతుంది, రెండుగా చీలుతుంది. నచ్చకపోతే వెనక్కి లాగేసుకుంటుంది.

మొదట్లో ఆత్రం పట్టలేక గిన్నెను అరగంటకోసారి వెచ్చటి పెట్టెలోంచి తీసి చూసేదాన్ని. చలికి కొమ్మలన్నీ ముడుచుకుపోయాయి. "అన్నం ఉడికిందో లేదో చూస్తున్నావా?" అని మేడమ్ చీవాట్లు పెట్టింది. నువ్వూ పూటపూటకీ సూది గుచ్చి చూసుకుంటున్నావట, మరదలు చెప్పింది. ఒక్క తల్లి పిల్లలమే కదా! సూది డబ్బాలో పెట్టెయ్. ఆ కొస రోజుకు ఆవగింజంత కూడా సాగదు.

కవరులో రెండు గుడ్డముక్కలు పెట్టాను, ఒకటి పట్టు, ఒకటి నూలు. కొన్ని నెలలాగి, కళ్ళు మూసుకుని ఆ వేలితో తడుము. ఏది ఏదో తెలిసిన రోజు వెంటనే బయల్దేరి రా. పట్టుముక్కను నువ్వు కుట్టిన నా జాకెట్టు చేతిలోంచే కత్తిరించాను. అతుకు నువ్వే వెయ్యాలి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను.

మీ అక్క