పెద్దాయన చెవిలో పడిన గొంతు

సముద్రం మీద విమానాల రాకపోకలు చూసే ముఖ్య అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా కెప్టెను గారికి లేని గొంతులు వినపడుతున్నాయని తమ కార్యాలయం వారు ఆపిన లైసెన్సును తిరిగి ఇప్పించవలసిందిగానూ, సదరు గొంతు నాదే గనుక శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయవలసిందిగానూ కోరుతూ.

నేను అద్దెకు తిరిగే రెండు చిన్న విమానాలున్న కంపెనీలో పని చేస్తున్నాను. విమానాన్ని షెడ్డులోంచి ట్రాక్టరుతో బయటికి లాగడం, సామాను ఎక్కించడం, ఫ్లాస్కుల్లో కాఫీ నింపడం నా ఉద్యోగం. ఎవరి గొంతైనా ఒకసారి వింటే దింపేస్తానని నన్ను అందరూ రేడియో అంటారు. చదువు ఏడో తరగతి. హెడ్మాస్టరు గారి గది తలుపు వెనక నిలబడి ఆయన గొంతుతో బడికి సెలవని కేకేశాను. బడంతా ఖాళీ అయింది. మిగతా పిల్లలకి మర్నాడు బడి తెరిచారు. నాకు ఆ సెలవు ఇంకా నడుస్తోంది. ఇది గొప్ప కోసం రాయడం లేదు. నా నోరు ఎలాంటిదో తమరికి ముందే తెలియడం మంచిదని మనవి చేసుకుంటున్నాను.

1. పూర్వం మా పైలట్లు సముద్రం మీదికి పోయేముందు రేడియోలో తమ కార్యాలయం అనుమతి అడిగేవారు. తమవాళ్ళు ఫలానా దారి, ఫలానా ఎత్తు అని చదివేవారు. పైలటు దాన్ని పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. తమవాళ్ళు "సరిగ్గా ఉంది" అన్నాకే లెక్క. మా కెప్టెను గారు, మేం పెద్దాయన అంటాం, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇలాగే ఎగిరారు. ఆ అలవాటు ఎంతదాకా పోయిందంటే, కాఫీలో చక్కెర తక్కువ వేశానని నేను చెబితే, "చక్కెర తక్కువ, ఎర్ర మూత ఫ్లాస్కు" అని తిరిగి అప్పజెప్పి నా వంక చూస్తారు. "సరిగ్గా ఉంది సార్" అనాలి. అనకపోతే తాగరు.

2. ఈమధ్య తమరు పద్ధతి మార్చారు. పైలటు తన దారీ ఎత్తూ తెర మీద మెసేజ్‌గా పంపాలి. అందిందని ఒక ముక్క వస్తుంది. ఆ తర్వాత ఏమీ రాకపోతే ప్లానులో రాసుకున్నట్టే వెళ్ళమని అర్థం. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలన్నారు. తమరు మిగతా సగం కూడా కలిపేశారు.

పెద్ద కంపెనీలు తమ పైలట్లని కూర్చోబెట్టి ఇదంతా నేర్పించాయట. మాలాంటి చిన్న కంపెనీకి ఒక కాగితం వచ్చింది. దాన్ని ప్లాన్లు వేసే మేడమ్ మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివి వినిపించారు. మరి సరిగ్గా ఉందని ఎవరు చెబుతారని పెద్దాయన అడిగారు.

"ఎవరూ చెప్పరండీ. చెప్పలేదంటే సరిగ్గా ఉన్నట్టే" అన్నారు మేడమ్.

"మా ఇంట్లో అలా కాదమ్మా. మా ఆవిడ ఏమీ అనలేదంటే ఏదో తప్పు చేసినట్టే" అన్నారు పెద్దాయన.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంకో సంగతి. చిన్న విమానం ఎంత ఎత్తున పోతే ఇంధనం అంత కలిసొస్తుంది. ఇప్పుడు తమరు విమానాల్ని బస్సులో జనాన్ని సర్దినట్టు దగ్గర దగ్గరగా సర్దుతున్నారు. పై ఎత్తు కావాలంటే ముందే ప్లానులో రాసుకోవాలి, లేదా దారిలో మెసేజ్ పెట్టి కాచుకోవాలి. పెద్దాయనకి ఆ పై ఎత్తంటే ప్రాణం. ఎప్పుడూ అడుగుతారు. ఎప్పుడూ దొరకదు.

3. నేరం జరిగిన విధం. మా విమానాశ్రయం ఒడ్డునే ఉంది గనుక ఆ మెసేజ్ నేల మీదినుంచే పంపాలి. ఆ రోజు పెద్దాయన పక్కన కూర్చునే చిన్న పైలటు వెనక ప్రయాణికుల పెట్టెలు సర్దుతున్నాడు. పెద్దాయన ఒక్కరే ముందు కూర్చుని మెసేజ్ పంపి తెర వంక చూస్తున్నారు. నేను ట్రాక్టరు విప్పేసి పక్కన నిలబడ్డాను. నా చేతిలో కంపెనీ వాకీటాకీ ఉంది. దాంట్లో నేను మాట్లాడినా, తమ కార్యాలయం వాళ్ళు మాట్లాడినా ఆయనకి ఒకే హెడ్‌ఫోనులో వినపడుతుంది.

అద్దంలోంచి ఆయన మొహం కనిపిస్తోంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కబురు పెడతారని కూర్చున్నట్టు కూర్చున్నారు. నా నోరు ఊరుకోలేదు. తమ కార్యాలయంలో ముక్కుతో మాట్లాడే ఒకాయన ఉండేవారు. అది తమరే అయితే మన్నించండి. ముక్కు పట్టుకుని ఆ గొంతుతో, "అనుమతి ఇచ్చాం. ప్లానులో ఉన్న దారే. సగం సముద్రం దాటాక పై ఎత్తుకి ఎక్కండి" అన్నాను. పై ఎత్తు ఎందుకన్నానంటే, ఎలాగూ ఉత్తిదే కదా, ఆయన కోరినదే ఇద్దామని.

"ఒరే రేడియో వెధవా" అంటారని కాచుకున్నాను. ఆయన అప్పజెప్పారు, మీట మా కంపెనీ సెట్టు మీదే ఉందని చూసుకోకుండా. దారి, ఎత్తు, అన్నీ. చివర ఆగారు. ఆ ఒక్క మాట కోసం ఆగారు.

అయ్యా, అక్కడైనా నోరు మూసుకోవలసినవాణ్ణి. "సరిగ్గా ఉంది" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. నాకు బొటనవేలు చూపించారు. చెబుదామా వద్దా అనుకునేలోగా విమానం కదిలింది. పరుగెత్తి ఆపొచ్చు. పక్కన యజమాని నిలబడి ఉన్నారు. ఆయన ముందు ఏమని చెప్పను? పైకి పోయాక పెద్దాయనకే తెలిసిపోతుందిలే, నవ్వుకుంటారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

సగం సముద్రం దాటాక ఆయన పైకి ఎక్కారు. రాతలో రాలేదు కదా సార్ అని చిన్న పైలటు అడిగాడట. నోటితో ఇచ్చారు అన్నారట. పెద్దాయన విన్నానంటే విన్నట్టే అని వాడు ఊరుకున్నాడు. ఆ ఎత్తులో ఇంకో విమానం వస్తోంది. తమవాళ్ళు చూసి వెంటనే మెసేజ్ పెట్టి కిందికి దింపారు. ఎవరికీ ఏమీ కాలేదు. అది తమ చలవ. నా చలవ ఏమీ లేదు.

4. విచారణలో పెద్దాయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు: అనుమతి విన్నాను, అప్పజెప్పాను, సరిగ్గా ఉందన్నారు. తమవాళ్ళు రికార్డులన్నీ వెతికి, ఆ రోజు ఎవరూ మాట్లాడలేదని తేల్చారు. మా కంపెనీ సెట్టులో మాటలు ఎక్కడా రికార్డు కావు. చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. చెవులు కుర్రాడి చెవుల్లా ఉన్నాయన్నాడు. చెవులు బాగుంటే చెడింది తలేనని ఇప్పుడు తల డాక్టరు దగ్గరికి తిప్పుతున్నారు. లైసెన్సు తమ దగ్గరే ఉంది. యాభై దాటి ఎంతో కాలమైన మనిషికి అది ఒకసారి పోతే మళ్ళీ రాదని మేడమ్ అన్నారు.

5. లైసెన్సు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆయన కారు నడపడం మానేశారు. ఇంట్లో గిన్నె చప్పుడైనా, ఇప్పుడు ఎవరైనా మాట్లాడారా అని భార్యని అడుగుతున్నారట. ఒకరోజు తన సామాను తీసుకుపోవడానికి షెడ్డుకి వచ్చి, నన్ను పక్కకి పిలిచారు.

"ఒరే, నీకెప్పుడైనా ఎవరూ లేకుండా గొంతు వినపడిందా?"

"మా ఆవిడ పుట్టింటికెళ్ళినా వినపడుతుంది సార్" అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వి, మధ్యలో ఆపేసి, తన టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. అయ్యా, రేడియోలో చేసింది పొరపాటని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఇది పొరపాటు కాదు. అప్పుడు నాకు అంతా తెలుసు. తెలిసే జోకేశాను.

ఆ రోజు నుంచీ ఎవరి గొంతు దింపుదామన్నా నాకు రావడం లేదు. మా ఆవిడే కనిపెట్టింది, ఏమిటి, ఇంట్లో మా అమ్మ గొంతు వినపడక చాలా రోజులైందే అని. చెప్పేశాను. తిట్టలేదు. కూర తరుగుతున్న కత్తి కింద పెట్టి, "నోటితో వేసిన ముడి నోటితోనే విప్పుకో. లేకపోతే ఆ నోటికి అన్నం పెట్టను" అంది.

కావున తమరిని వేడుకునేది ఏమనగా, పెద్దాయన తల బాగుంది, చెవులు బాగున్నాయి, ఆయన విన్నది నిజంగా విన్నదే అని కాగితం మీద రాయించి, ఆ లైసెన్సు ఆయన చేతికి ఇప్పించవలెను. ఋజువు కావాలంటే తమ కార్యాలయానికి వచ్చి ఆ గొంతు చేసి చూపిస్తాను, వస్తే. నా ఉద్యోగం గురించి ఏమీ అడగను. ఇంకో చిన్న మనవి. ఎవరూ మాట్లాడరు, వెళ్ళండి అని ఆ తెర మీద ఒక్క ముక్క వేయిస్తే, నాలాంటివాడికి మధ్యలో దూరే సందు ఉండదు.

ఈ అర్జీ విషయంలో మాత్రం తమ కొత్త పద్ధతి పాటించవద్దని ప్రార్థన. తిట్టయినా సరే, ఒక మాట పంపి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ట్రాక్టరు తోలేవాడు, రేడియో

తా.క. ఈ సంగతి ఆయనకి తమ కార్యాలయం నుంచి తెలియడం న్యాయం కాదని, పోస్టు చేసేముందే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో కూర్చుని యూనిఫారం బూట్లకి పాలిష్ పెడుతున్నారు. నిలబడే అంతా చెప్పాను. ఆయన బ్రష్ పక్కన పెట్టారు. అప్పజెప్పడం మొదలుపెట్టారు.

"మాట్లాడింది నువ్వు. ముక్కు పట్టుకుని మాట్లాడావు. సరిగ్గా ఉందన్నది కూడా నువ్వే. నేను అడిగిన రోజున కూడా చెప్పలేదు. నా తల బాగానే ఉంది."

చెప్పి నా వంక చూశారు.

"సరిగ్గా ఉంది సార్" అన్నాను.

లోపలి గుమ్మంలో వాళ్ళావిడ నిలబడి ఉన్నారు. అక్కడే చతికిలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మళ్ళీ బూటు చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. బయటికి వచ్చాను. మాట రాకపోతే వెళ్ళమనే కదండీ తమ రూలు. తెలిసి కూడా చీకటి పడేదాకా వాళ్ళ గేటు దగ్గరే నిలబడి ఉన్నాను.