చప్పుడు లేని లేత్

బావగారికి,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మనం కలిసి పెడుతున్న షెడ్డుకు పాత లేత్ మెషిన్ ఒకటి కొనేశాను. మిమ్మల్ని అడక్కుండా తొందరపడ్డాను, తప్పు నాదే.

మీరు నేర్పినట్టే చూశాను. ఇనుప ముక్కను పట్టే చక్ దగ్గర, కింద బెడ్ పట్టాల మీద వేలు జరిపితే అరుగుదల తగల్లేదు. చక్‌ని తిప్పే స్పిండిల్ ఊపి చూస్తే వదులు లేదు. చివరికి మోటారు వేయించి, "ఇంత చప్పుడు లేని లేత్‌ని నా సర్వీసులో చూడలేదు" అన్నాను. అమ్మేవాడు నావంక అదోలా చూశాడు. బేరం కుదిరిన సంతోషం కాబోలు అనుకున్నాను.

నిన్న షెడ్డులో దింపి స్విచ్ వేశాను. మీ చెల్లెలు చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏమిటండీ ఆ మోత, ఆపండి!" అంటోందని పెదవులు చూస్తే తెలిసింది. మూత విప్పితే లోపల గేర్ల పళ్లు విరిగి ఉన్నాయి.

ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో రేకులు గుద్దే ప్రెస్సుల మోత పక్కన నిలబడ్డవాణ్ణి. జలుబు చేసి చెవులు దిబ్బళ్లు పడ్డాయని ఏడాదిగా మీ చెల్లెలికి చెబుతున్నాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. మన పనిలో సగం చెవిదేనని మీకు నేను చెప్పాలా?

ఇక కొనాల్సిన మిల్లింగ్ మెషిన్ మాత్రం మీరే వచ్చి ఎంచండి. దాని టేబుల్ హ్యాండిల్ తిప్పి చేత్తో వదులు చూడటం నాకు వదిలేయండి. మోటారు వేశాక మీ మొహం చూసి, కొనాలో వద్దో తెలుసుకుంటాను.

ఎప్పుడొస్తారో ఉత్తరమే రాయండి. మొన్న ఫోన్‌లో మీరు చాలాసేపు ఏదో చెప్పారు. నేను అన్నిటికీ "సరే బావగారూ" అన్నాను. దేనికి సరే అన్నానో కూడా కాస్త రాయండి.