నల్లబడేదాకా

అన్నయ్యా,

నువ్వు చెప్పిన ఓడబొమ్మ వెండి నాణేల వరుస నేను సేకరించను. వాటి ధర ఏటేటా పెరుగుతుందన్నావు. పెరగనీ. నాకు పిచ్చుకబొమ్మ నాణేలే కావాలి. జేబుల్లో తిరిగి తిరిగి రెక్కలు అరిగిపోయినవైనా సరే. "అరిగినవాటిని ఎవడు కొంటాడే, పిచ్చిమొహమా?" అన్నావు. నేను అమ్మితే కదా!

నా చదువు, ఉద్యోగం, చివరికి నా గది గోడల రంగు కూడా నువ్వే ఎంచావు. గంగిరెద్దులా తలూపాను. ఇక ఊపను.

చూసిస్తానని తీసుకెళ్ళిన నా మొదటి పిచ్చుకను పళ్ళపొడితో తళతళలాడేలా తోమి పంపావు. పాత వెండికి ఆ నలుపే అందం, అన్నయ్యా. దాన్ని వంటింటి కిటికీలో పెట్టాను. మళ్ళీ నల్లబడటానికి ఏళ్ళు పడుతుందట. పట్టనీ.

నీ మొండి చెల్లెలు