బచేలిలో బెల్టంటే వేరు

ఒరే అప్పల్రాజూ,

ఇవాళ నీ సంవత్సరీకం. ఈ ఉత్తరం నీకెలాగూ చేరదు కాబట్టి తప్పులు దిద్దకుండా రాస్తున్నాను.

పోయిన వారం మీ ఆవిడ, "గారెలు నలుగురూ తింతారన్నియ్యా. ఆయనకంటూ ఆ టీవీ కుస్తీలోళ్ల సామానేదైనా ఫొటో ముందెట్టాల" అంది. ఎంపిక నా మీద పడింది.

మన బచేలి సంతలో కుస్తీల గురించి ఒక హిందీ పుస్తకం దొరికింది. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారట. "నిజం దెబ్బలేరా" అని బతికినన్నాళ్లూ నాతో పోట్లాడినవాడివి, పోయాక ఓడించడమెందుకని అక్కడే పెట్టేశాను. గెలిచినవాడికిచ్చే బంగారు బెల్టూ ఉంది గానీ, ప్లాస్టిక్కుది, ఊదితే ఎగిరేలా ఉంది.

అందుకని చెప్పులు కుట్టే ముసలాయనతో "పహిల్వాన్ బెల్టొకటి చెయ్యి, గట్టిది" అన్నాను. ఈ ఊళ్లో బెల్టంటే గనిలో ఖనిజం మోసేదేనని నాకు తట్టొద్దూ! మన గుమ్మాల ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలన్నీ దాని ముక్కలే కదా. "మజ్‌బూత్ హై, బాబూజీ" అంటూ, గడప పొడుగు రబ్బరు ముక్కకి ఇత్తడి పళ్లెం బిగించి ఇచ్చాడు.

మీ ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తి, "బెల్టంటే ఇదీ! ఇదెట్టుకున్నోడిది దొంగ కుస్తీ అని ఎవుడంతాడు?" అంది.

నీ ఫొటో ఉన్న అరలో పెట్టామో లేదో, ఆ బరువుకి అర మేకులు ఊడి అన్నీ కిందపడ్డాయి. నువ్వు వెల్లకిలా పడ్డావు. మూడు లెక్కపెట్టేలోపు లేవకపోతే ఓడినట్టేనని నువ్వే కదా చెప్పావు. నేను వంగి నేల చరిచాను. ఒకటి... రెండు...

మూడు అనేలోపు మీ ఆవిడ నిన్ను ఎత్తేసింది.