పరకాల దగ్గర ఆరిన లైటు

జనగామ, ఆదివారం

వారంగా కారులో పొగ ఫిల్టర్ హెచ్చరిక లైటు వెలుగుతోంది. పొగమసితో ఫిల్టర్ మూసుకుపోయిందని మెకానిక్ పొద్దున చెప్పాడు.

"దూరం పోతలేరా సార్ ఈమధ్య? హైవే మీద గంటసేపు ఒక్క తీరుగ తోలుండ్రి. మసి కాలిపోతది."

నిజమే. పొలం గొడవతో భూపాలపల్లి అక్కతో మాటలు ఆగిపోయాక, ఏడాదిగా కారు ఇంటికీ బడికీ మధ్యే తిరుగుతోంది. ఎటు పోవాలో తోచక అలవాటైన భూపాలపల్లి దారే పట్టాను. దారిలో పరకాల దగ్గర లైటు ఆరిపోయింది. అక్కడే వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు.

అక్క తలుపు తీసింది. "తిన్నవా రా?" అంది. లేదన్నాను. పప్పు వేడిచేసి అన్నం పెట్టింది. పొలం మాట ఇద్దరమూ ఎత్తలేదు.

బయల్దేరుతుంటే అడిగింది. "ఇన్నొద్దులకు ఎందుకొచ్చినవ్ రా?"

కారు బాగుచేసుకోవడానికని చెప్పాను. అక్క నమ్మలేదు. నాకూ అది అబద్ధంలాగే వినిపించింది.