టేపురికార్డరు పక్కన

చెల్లీ మోరాగ్,

జపాన్‌లో ఇంగ్లీషు టీచరుగా చేరతానంటూ, ఏం చదువుకుని రావాలని అడిగావు. ఇక్కడ నా వైభోగం విను. పాఠమంతా ఇక్కడి జపాను టీచరు కురొయివా మాష్టారే చెబుతాడు. ఆయన తల ఊపినప్పుడు నేనొక వాక్యం చదవాలి, పిల్లలు తిరిగి అనాలి. అంతే నా ఘనకార్యం.

పోయిన వారం జలుబుతో నా గొంతు పోయింది. సెలవడిగితే, "మాస్కు పెట్టుకుని రండి మాష్టారూ, మిగతాది నేను చూసుకుంటాగా" అన్నాడు. టేపురికార్డరు పెట్టి, పక్కన నన్ను నిలబెట్టాడు. పిల్లలు నా మొహం చూస్తూ దాని మాటలు వల్లించారు.

ఇవాళ గొంతు వచ్చిందని చెప్పాను. "ఎందుకైనా మంచిది, గొంతుకి ఇంకా విశ్రాంతి ఇవ్వండి" అంటూ మళ్ళీ మీట నొక్కాడు.

సాయంత్రం హెడ్మాస్టరు నడుం వంచి నమస్కరించి, వచ్చే ఏడాదికీ నన్నే ఉంచుకుంటున్నామన్నాడు. నా పని తెగ నచ్చిందట.

వ్యాకరణం పుస్తకాలు మోసుకురాకు. నిలబడటం నేర్చుకుని రా.

నీ అన్నయ్య