నలభై రెండు ముక్కల బొంత

నవంబరు 9, ఆదివారం. సాయంత్రం 7.30

మనవరాలు భానుశ్రీకి సీమంతం జరిగింది. వచ్చినవారు 63 మంది. పులిహోరలో ఉప్పు ఎక్కువ. ప్రసవం డిసెంబరు 24 అని డాక్టరు చెప్పింది.

భానుశ్రీ అత్తగారు ఆదిలక్ష్మమ్మ సత్యవేడు నుంచి వచ్చింది. తాంబూలం అందుకుంటూ, అందరికీ వినిపించేలా, “బిడ్డకు బొంత నేను కుట్టుకోనొస్తాలే పెద్దమ్మా. మా ఇంట్లో పాత సీరలు శానా ఉండాయి” అంది.

“మా ఇంట్లో పుట్టే బిడ్డ పాత గుడ్డల మీద పడుకోదు. కొత్త గుడ్డతో బొంత నేనే కుడతాను. ఇరవై నాలుగో తేదీకి సిద్ధంగా ఉంటుంది” అన్నాను.

ఆదిలక్ష్మమ్మ “అట్లే కానీండి” అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన దాన్ని. అన్న తేదీకి అన్న పని కాకపోవడమంటూ ఉండదు.

భానుశ్రీ ఫోన్లో చూపించింది. బొంతల కోసం ముందే కోసిన గుడ్డ ముక్కలు కట్టలుగా అమ్ముతున్నారట. గుడ్డ ముక్కలు కాకుండా చూసుకోవడం మా తరం పని. ఇప్పుడు నిండు తానును ముక్కలు చేసి, రిబ్బను కట్టి, ఇంటికి పంపుతున్నారు. చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత కొలతలు చదివాను. ప్రతి ముక్కా ఐదంగుళాల చదరం. నవ్వు ఆపి, ఒక కట్ట తెప్పించమన్నాను.

నవంబరు 13, గురువారం. మధ్యాహ్నం 12.10

కట్ట వచ్చింది! రెండుసార్లు లెక్కపెట్టాను. 42 ముక్కలు. ఈ రోజు నుంచి డిసెంబరు 24 వరకు, మొదటి రోజూ చివరి రోజూ కలుపుకుని, 42 రోజులు! రోజుకు ఒక ముక్క. శేషం సున్న. నేను శకునాలు నమ్మను. భాగహారాన్ని నమ్ముతాను.

బొంత కొలత: అడ్డం 6 ముక్కలు, నిలువు 7. అంటే 30 అంగుళాలు, 35 అంగుళాలు.

గుడ్డ: నూలు. అంచులు రంపపు పళ్ళలా కోసి ఉన్నాయి.

బొమ్మలు: నక్కలు, పుట్టగొడుగులు, ఎక్కడా చూడని ఏదో పిట్ట. పులికాట్‌కు ఏటా అన్ని రకాల పక్షులు వస్తుంటే వీళ్ళకు దొరికింది ఇది.

అట్ట మీద చిన్న అక్షరాల్లో “కుట్టే ముందు ఉతకరాదు” అని ఉంది. గుడ్డను ఉతకవద్దని చెప్పేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను.

నవంబరు 14, శుక్రవారం

ఉదయం 5.30. మిషన్‌కు నూనె వేశాను.
6.15. సూదిలో దారం.
6.40. సూదిలో దారం (ఎక్కింది).
8.00. మూడు ముక్కలు వరసగా అతికాయి!

ఇంత తేలికైన పనికి లోకం అంత హడావుడి ఎందుకు చేస్తుందో తెలియదు.

కుట్టినవి 3. మిగిలినవి 39. లక్ష్యం 2. ఒక రోజు ముందున్నాను.

నవంబరు 15, శనివారం. ఉదయం 11.00

ముక్కలు పెట్టుకోవడానికి బీరువాలో ఒక అర ఖాళీ చేశాను. బడికి కట్టుకున్న పాత నేత చీరలు 9 బయటపడ్డాయి. అదే సమయానికి పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె గేటు దగ్గరికి వచ్చింది. కిటికీలోంచే బేరం తేల్చాను. 9 చీరలకు ఒక పెద్ద గిన్నె, దానికి మూత.

కోడలు జయంతి, అంటే భానుశ్రీ తల్లి, చీరలు చేతిలోకి తీసుకుని నిలబడింది. “రెండన్నా పెట్టుకుందాం అత్తా. పురుటికి పనికొస్తాయి.”

“మరి నేను కొత్త బొంత కుడుతున్నది ఎందుకు?”

జయంతి చీరలు తీసుకుని కిందికి వెళ్ళింది. గిన్నెతో తిరిగి వచ్చింది. మూత లేదు.

“మూతేది?”

“ఆయమ్మ లెక్క అంతేనంట అత్తా.”

వీధి వ్యాపారుల లెక్కలు ఇలాగే ఉంటాయి. ముక్కలు గిన్నెలో పెట్టి పైన పేపరు కప్పాను.

కుట్టినవి 4. మిగిలినవి 38.

నవంబరు 18, మంగళవారం

వాయుగుండం. మూడు రోజులుగా వాన. కరెంటు లేదు, వెలుతురు చాలదు. మిషన్ కాలితో తొక్కేదే కదా, కరెంటుతో పనేముందని జయంతి గుర్తు చేసింది. కళ్ళతో పని ఉందని నేను గుర్తు చేశాను. పైగా తేమకు దారం తెగుతుంది. ఇది శాస్త్రీయ కారణం.

11.00 నుంచి 12.30: బొంతలు కుట్టే వీడియోలు చూశాను.
3.00 నుంచి 5.00: మళ్ళీ చూశాను.

చూడటం కూడా పనిలో భాగమే.

కుట్టినవి 4. లక్ష్యం 6.

నవంబరు 20, గురువారం. సాయంత్రం 5.00

పెద్ద పనికి ముందు చిన్న వస్తువులు కుట్టి చేయి తిప్పుకోవాలని వీడియోలో ఆవిడ చెప్పింది. తిప్పుకున్నాను.

ఆవకాయ జాడీకి వాసెన (మూతికి కట్టే గుడ్డ): 1 ముక్క.
నిమ్మకాయ జాడీకి వాసెన: 1 ముక్క.
టీవీ రిమోట్‌కు సంచి: 2 ముక్కలు.

రిమోట్ సంచిలోకి వెళ్ళింది. బయటికి రావడం లేదు. గుడ్డ పైనుంచే మీటలు నొక్కుతున్నాం. వార్తలు పెట్టబోతే వంటలు వస్తున్నాయి.

కుట్టినవి 4 + 4 = 8. లక్ష్యం 8. లెక్క సరిపోయింది!

భానుశ్రీ వాసెన వైపు చూసి, “ఏమవ్వా, బిడ్డను ఆవకాయ జాడీలో పండబెడదామా?” అంది. నిండు గర్భిణి కాబట్టి ఊరుకున్నాను.

నవంబరు 22, శనివారం

అతికిన నాలుగు ముక్కలను కొలిచాను. 20 అంగుళాలు రావాలి. 18½ ఉంది. టేపు మార్చాను. 18½. బడి నాటి చెక్క స్కేలు తీశాను. 18½. కొలతల్లో మోసం జరిగిందని తేల్చుకుని, పట్టీ తీసుకుని వీధి చివర సబియా టైలరింగ్ షాపుకు వెళ్ళాను, సాక్ష్యం కోసం.

సబియా నా విద్యార్థిని. తొమ్మిదో తరగతి లెక్కల్లో 32 వచ్చాయి. పాసుకు 35 కావాలి. వాళ్ళ నాయన ఇమాంసాహెబ్ వచ్చి మూడు మార్కులు కలపమని అడిగినా కలపలేదు. అమ్మాయిని మళ్ళీ తొమ్మిదిలోనే కూర్చోబెట్టాను.

సబియా పట్టీని తిప్పి వెనకవైపు చూసింది. “అతుక్కు ఈ పక్క పావు, ఆ పక్క పావు, అరంగుళం కుట్టులోకి పోతాది కదా భారతమ్మ టీచర్? మూడు అతుకులు. ఒకటిన్నర అంగుళం. లెక్క సరిగ్గానే ఉండాది.”

షాపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఇద్దరూ నా దగ్గర చదివినవాళ్ళే.

“నాకు తెలుసు” అన్నాను.

“మీకు తెలీకుండా ఉంటాదా టీచర్! ఏదో దిగుల్లో మర్సిపోయింటారు. మేమూ పరీక్షల్లో అట్లే మర్సిపోతాంటిమి.”

నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

పట్టీ మడిచి ఇస్తూ, “తడిపినారా టీచర్? లైనింగ్ గుడ్డయినా సరే, తడిపి ఆరేసినాకే మేము కత్తెర పెడతాము. లేకపోతే మొదటి ఉతుక్కే ముడుసుకుంటాది” అంది.

అట్ట మీది మాట ఆమెకు చెప్పలేదు. ఒక రోజుకు ఒక అవమానం చాలు.

నవంబరు 24, సోమవారం

10.00. మిగిలిన 34 ముక్కలు వాషింగ్ మెషిన్లో వేశాను.

10.50. తీశాను. ముక్కలు లేవు. ఒక ముద్ద ఉంది. అంచులన్నీ దారాలుగా విడిపోయి ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. పుట్టగొడుగు మెడకు నక్క ఉరి వేసుకుంది. విడదీయడానికి 2 గంటల 20 నిమిషాలు పట్టింది. ఫలితాలు:

4¾ అంగుళాలు: 5
4½ అంగుళాలు: 8
4¼ అంగుళాలు: 4
ఏ ఆకారమో చెప్పలేనివి: 16
కనిపించనిది: 1

సబియా “తడిపినాకే కత్తెర పెడతాము” అంది. ఇవి కత్తెర పెట్టి వచ్చినవి. నేను “తడిపి” దగ్గరే వినడం ఆపేశాను. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లలకు సున్నా వేసేదాన్ని.

“అవ్వా, ఉతకొద్దని అట్ట మీద రాసుండారు కదా” అంది భానుశ్రీ.

“చదివాను.”

“సదివీ ఉతికినావా?”

జయంతి గబగబా వంటింట్లోకి వెళ్ళింది. వెనక నుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి. దగ్గు అనుకుంటాను.

నవంబరు 30, ఆదివారం

ఈ వారం కుట్టకపోవడానికి కారణాలు:

మంగళ: మంగళవారం.
బుధ: మోకాలు.
గురు: ఇంకో మోకాలు.
శుక్ర: ప్రసవం సుఖంగా జరగాలని కాణిపాకం వెళ్ళాం. స్వామికి బొంత సంగతి కూడా ఒక మాట చెప్పుకున్నాను.
శని: మెషిన్ నీళ్ళు వదలడం లేదని మెకానిక్ వచ్చాడు. కనిపించని ముక్క గొట్టంలో దొరికింది. నక్క.
ఆది: సెలవు. సర్వీసు నాటి అలవాటు.

జయంతి సత్యవేడు బస్సులో ఆదిలక్ష్మమ్మకు ఏదో మూట పంపింది. అప్పడాలట. ఇంత వానలో అప్పడాలు ఎక్కడ ఎండాయో!

కుట్టినవి 8. లక్ష్యం 18.

డిసెంబరు 5, శుక్రవారం. ఉదయం 10.00

ఆదిలక్ష్మమ్మ ఫోను. “బొంత యాడిదాకా వచ్చింది పెద్దమ్మా?”

“సగం దాటింది.”

ఇది అబద్ధం కాదు. 42 రోజుల గడువులో ఇది 23వ రోజు.

ఆలోచించగా ఒక విషయం తట్టింది. సీమంతం నాడు బొంత అన్నానే గానీ, ఎంత బొంతో అనలేదు. బాగున్న ముక్కలు 17. అన్నిటినీ 4 అంగుళాలకు సమానంగా కోసి, 16 ముక్కలు నాలుగు వరసలుగా కుడితే, కుట్టులోకి పోయేది పోగా (చూశారా, మరవలేదు) 14½ అంగుళాల చదరం. బిడ్డ తలకూ భుజాలకూ సరిపోతుంది. కాళ్ళు ఎలాగూ తన్నుకుంటుంది.

డిసెంబరు 9, మంగళవారం. మధ్యాహ్నం 2.00

ఉదయం 10.42కు ఆడపిల్ల. 2 కిలోల 600. తల్లీ బిడ్డా క్షేమం. గడువుకు 15 రోజుల ముందు! ఈ కాలం పిల్లలకు గడువంటే గౌరవం లేదు.

కాన్పు గదిలోంచి నర్సు గ్రేసీ బయటికి వచ్చింది. “బిడ్డను సుట్టేదానికి పాత నూలు గుడ్డ ఇయ్యండమ్మా. బాగా ఉతికి మెత్తబడింది.”

కొత్త తువ్వాలు ఇచ్చాను. వేళ్ళతో తడిమి వెనక్కి ఇచ్చేసింది. “ఇది గరుకుండాది. కొత్త గుడ్డకు ఒళ్ళు కందిపోతాది. ఇంట్లో పాత సీరే లేదా?”

“కొత్తది శుభ్రం కదమ్మా.”

“ఉతికింది శుభ్రం అవ్వా.”

ఇంత తక్కువ మాటల్లో నా తప్పు ఇంతవరకు ఎవరూ దిద్దలేదు. పాత చీర లేదని చెప్పాలి. ఎందుకు లేదో నాకు తెలుసు. తొమ్మిది చీరలు, వందలసార్లు ఉతికి వెన్నలా అయినవి, గిన్నెకు ఇచ్చాను. “లేదు” అన్నాను. గ్రేసీ లోపలికి వెళ్ళి ఆసుపత్రి గుడ్డలోనే చుట్టింది. తలుపు ఇవతలికి బిడ్డ ఏడుపు వినిపించింది. పుట్టిన ప్రతి బిడ్డా ఏడుస్తుంది. తెలుసు. అయినా కూర్చోలేకపోయాను.

డిసెంబరు 10, బుధవారం. ఉదయం 9.30

ఆదిలక్ష్మమ్మ ఆసుపత్రికి వచ్చింది. సంచిలోంచి బొంత తీసింది.

“మీరు కుడతా ఉండారని తెలుసు పెద్దమ్మా. ఇది ఊరికే, కింద పరిసేదానికి.”

పదిమందిలో నేను అన్న మాటను ఆమె పదిమందిలో తిరిగి అనవచ్చు. గదిలో మా తరఫు, వాళ్ళ తరఫు మనుషులు ఏడుగురు ఉన్నారు. అనలేదు. అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

“కొలత ఎంత?” అని అడిగాను.

“కొలతేముంది? మూరేసి సూసినా.”

టేపు నా సంచిలోనే ఉంది. నిలువు ఒక పక్క 34, ఇంకో పక్క 33. చదరం కాదు, దీర్ఘచతురస్రమూ కాదు. కుట్లు మాత్రం పెసరగింజంత, ఒక్కటీ వంకర లేదు.

మూలలు కొలుస్తుంటే అంచు కనిపించింది. నీలం చీర, ఆవాల రంగు అంచు. దాని మీద ఎర్ర సిరా మరక. పరీక్ష పేపర్లు దిద్దుతూ నేనే వేసుకున్న మరక. ఎన్ని ఉతుకులకూ పోలేదు.

తలెత్తాను. జయంతి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“రెండే పెట్టుకున్నా అత్తా” అంది, అటు తిరిగే. “ఏడు సీరలకైతే మూత రాదనింది ఆయమ్మ.”

నవంబరు 15 పద్దుకు సవరణ: ఇచ్చిన చీరలు 9 కాదు, 7. వ్యాపారి లెక్క సరైనదే. నవంబరు 30 పద్దుకు సవరణ: అప్పడాలు కావు.

బిడ్డను బొంత మీద పడుకోబెట్టారు. ఎర్ర సిరా మరక మీద చెంప ఆనించి రెండు గంటలు కదలకుండా నిద్రపోయింది. జయంతితో ఏదో ఒకటి అనాలి. “మూత లేకపోయినా గిన్నె గట్టిదే” అన్నాను. “అవునత్తా” అంది.

డిసెంబరు 20, శనివారం. సాయంత్రం 6.00

నిన్నటితో పురుడు వెళ్ళింది. ఆదిలక్ష్మమ్మ ఊరికి బయలుదేరుతూ, “మొదటి పుట్టినరోజుకు పెద్ద బొంత కుడతా పెద్దమ్మా. బిడ్డ అప్పటికి నిద్దట్లో దొర్లతా ఉంటాది” అంది.

“అవసరం లేదు. అది నేను కుడతాను” అన్నాను. నోరు మూసుకునేలోపు తేదీ కూడా చెప్పేశాను.

ఆమె ఆ నవ్వే నవ్వింది. ఈసారి అంత చెడ్డగా అనిపించలేదు.

కొత్త ప్రణాళిక. ప్రారంభం రేపు ఉదయం 5.30. గడువు వచ్చే డిసెంబరు 9. మొత్తం 354 రోజులు. బాగున్న ముక్కలు 17. ఇరవై రోజులకు ఒక ముక్క! శేషం 14 రోజులు, మోకాళ్ళకు. చాలని చోట పాత చీర ముక్కలు వేయాలి. అందుకోసం రెండు కొత్త నేత చీరలు రోజు మార్చి రోజు కట్టి, ఉతికి, మెత్తబరచాలి. ముక్కలను ఉతకరాదు. (అట్ట చూడండి.)

ముక్కలు తీద్దామని వెళితే గిన్నె మీద మూత ఉంది. సరిగ్గా సరిపోయిన మూత.

“ఎక్కడిది?” అని జయంతిని అడిగాను.

“బజార్లో తెచ్చినా అత్తా. సమ్మచ్చరం పొడుగునా ఆడే ఉంటాయి కదా, దుమ్ము పడకుండా.”

క్యాలెండరు చూశాను. రేపు ఆదివారం.

ప్రారంభం: ఎల్లుండి ఉదయం 5.30. మొత్తం 353 రోజులు. శేషం 13.